హైదరాబాద్ నుంచి డల్లాస్: విమాన దూరం, ప్రయాణ సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానో, కొప్పెల్ వంటి ఊళ్లలో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. చదువుకు వెళ్లే పిల్లలు, పురిటికి వెళ్లే అమ్మమ్మలు, సెలవులకు వచ్చే మనవలు ఈ దారిలో ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటారు. మొదటిసారి టికెట్ కొనేవారికి, ముఖ్యంగా అమ్మానాన్నలను ఒంటరిగా విమానం ఎక్కించేవారికి వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్–ఫోర్ట్ వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారిలో కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. మైళ్లలో దాదాపు 9,000. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో అయితే దాదాపు 7,800. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి, భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దూరం 20,000 కిలోమీటర్లు దాటదు. ఆ లెక్కన డల్లాస్ మనకు దాదాపు అవతలి వైపున ఉన్నట్టే.

ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తే కంగారు పడకండి. కొందరు నగర కేంద్రాల మధ్య కొలుస్తారు, కొందరు విమానాశ్రయాల మధ్య కొలుస్తారు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఈ రెండింటినీ కలగలిపేస్తే వెయ్యి మైళ్లకు పైగా తేడా వస్తుంది.

మొత్తం ప్రయాణానికి ఎన్ని గంటలు పడుతుంది?

ఒకచోట మాత్రమే విమానం మారే టికెట్‌తో సాధారణంగా 22 నుంచి 26 గంటలు. అందులో గాలిలో గడిపేది 20 గంటలకు కాస్త అటూ ఇటూ. దుబాయ్ మీదుగా వెళితే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 4 గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కు 16 గంటల పైన. లండన్ మీదుగా వెళితే రెండు అంచెలూ దాదాపు సమానం, ఒక్కొక్కటి పది గంటల చొప్పున. మిగిలినదంతా విమానాశ్రయంలో వేచి ఉండే సమయం. రెండు చోట్ల మారే చవక టికెట్లలో ఇది 30 గంటలు దాటడం మామూలే.

టికెట్ మీద వేసే వ్యవధి విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేవరకు. రన్‌వే కోసం వరుసలో నిలబడే సమయం కూడా అందులోనే ఉంటుంది. అందుకే కొన్ని రోజులు విమానం ఆలస్యంగా బయలుదేరినా చెప్పిన వేళకే దిగుతుంది.

అయితే ఇంటి తలుపు నుంచి ఇంటి తలుపుకు లెక్క వేసుకోండి. శంషాబాద్‌కు మూడు గంటల ముందే చేరాలి, డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాను, ఇంటికి కారు ప్రయాణం ఉంటాయి. పెద్దవాళ్ల మందులు, భోజనం, నిద్ర గురించి ఆలోచించేటప్పుడు 30 గంటలు అనుకుని ఏర్పాటు చేసుకోవడమే మంచిది.

నేరుగా వెళ్లే విమానం ఎందుకు లేదు? అంత దూరం ఎగరగలిగే విమానాలు లేవా?

ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైన నేరుగా ఎగురుతున్నారు. దానికి 18 గంటలకు పైగా పడుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు 2018 మార్చి నుంచి నడుస్తున్న విమానం దూరం 14,499 కిలోమీటర్లు. మన హైదరాబాద్–డల్లాస్ దూరం సరిగ్గా ఆ కోవలోనిదే. సిడ్నీ నుంచి డల్లాస్‌కే 13,800 కిలోమీటర్ల నేరు విమానం ఏళ్ల తరబడి నడుస్తోంది.

అడ్డంకి ఖర్చు దగ్గర ఉంది. పదిహేడు గంటల ప్రయాణంలో చివరి గంటల కోసం మోసుకెళ్లే ఇంధనాన్ని మోయడానికే మొదటి గంటల్లో బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. బరువు తగ్గించడానికి సీట్లు తగ్గించాలి. సింగపూర్–న్యూయార్క్ దారిలో వాడే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్ విమానంలో 161 సీట్లే ఉంటాయి. అన్నీ బిజినెస్, ప్రీమియం ఎకానమీ సీట్లే, మామూలు ఎకానమీ అసలు లేదు. ఆ ధర పెట్టి రోజూ ఎక్కే కంపెనీ ప్రయాణికులు ఉంటేనే అలాంటి సర్వీసు నిలుస్తుంది. మన దారిలో ఎక్కువమంది తల్లిదండ్రులు, విద్యార్థులు, సొంత డబ్బుతో టికెట్ కొనే ఉద్యోగులు. వీళ్లకు యాభై వేలు తగ్గడం నాలుగు గంటలు కలిసి రావడం కంటే ముఖ్యం. విమానయాన సంస్థలకు ఆ సంగతి బాగా తెలుసు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరు విమానం ప్రారంభించింది. ఆ దూరం దాదాపు 13,300 కిలోమీటర్లు. తెలుగువాళ్లు ఎంతో సంతోషించిన ఆ సర్వీసు నిలవలేదు. అది మళ్లీ రావాలని మనసారా కోరుకునేవారిలో నేనూ ఒకరిని. అలా అని రేపో మాపో వస్తుందన్న ఆశతో ప్రయాణాలు వాయిదా వేసుకోవద్దు.

అతి దగ్గరి దారి ఏ దేశాల మీదుగా పోతుంది?

గోడ మీద ఉన్న ప్రపంచ పటం చూసి హైదరాబాద్ నుంచి పడమటికి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా టెక్సాస్ చేరుతుంది. పటం మీద అదే దగ్గరి దారిలా ఉంటుంది. నిజానికి ఆ గీత వెంట ఎగిరితే దాదాపు 17,700 కిలోమీటర్లు అవుతుంది. అంటే అతి దగ్గరి దారి కంటే 3,000 కిలోమీటర్లకు పైగా అదనం. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు ఉత్తర, దక్షిణ ప్రాంతాలు సాగిపోతాయి. అందుకే కంటికి సూటిగా కనిపించేది సూటి దారి కాదు.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, మరో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమటికి పోదు, నేరుగా ఉత్తరానికి లేస్తుంది. ఢిల్లీ మీదుగా హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, పశ్చిమ సైబీరియా మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రం చేరుతుంది. ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, కెనడా ఉత్తర దీవుల మీదుగా దిగి, మినెసోటా, కాన్సస్ దాటి టెక్సాస్‌లోకి వస్తుంది. బయలుదేరేటప్పుడు ముఖం ఉత్తరానికి, చేరేటప్పుడు దక్షిణానికి. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు, దారం మళ్లీ సరిచేసి చూస్తారు.

విశాఖపట్నం వాళ్లకు ఇంకో విశేషం ఉంది. విశాఖ తూర్పు రేఖాంశం 83.2 డిగ్రీలు, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 96.8 డిగ్రీలు. రెండూ కలిపితే 180. అంటే ఈ రెండు నగరాలూ భూమికి సరిగ్గా ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. విశాఖ నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి దాదాపుగా ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. ఇంత చక్కగా కుదిరిన జంట నగరాలు ఎక్కడో గానీ దొరకవు.

మరి విమానాలు నిజంగా ధ్రువం మీదుగా ఎగురుతాయా?

కొన్ని ఎగురుతాయి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా నడిపిన తొలి విమానం ధ్రువ ప్రాంతం మీదుగానే వచ్చింది. ఆ రెండు నగరాల మధ్య నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యం వహించగా, ఆమెతో కెప్టెన్లు పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ ఉన్నారు. ఆ ప్రయాణం మన పిల్లలందరికీ చెప్పవలసిన కథ.

ధ్రువ మార్గానికి ప్రత్యేక సన్నాహం కావాలి. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పై గాలి అంతకన్నా చల్లగా ఉండవచ్చు కాబట్టి ట్యాంకులోని ఉష్ణోగ్రతను పైలట్లు గమనిస్తూనే ఉంటారు, అవసరమైతే ఎత్తు గానీ వేగం గానీ మారుస్తారు. భూమధ్యరేఖకు ఎగువన తిరిగే భూస్థిర ఉపగ్రహాల సంకేతాలు ధ్రువం దగ్గర అందవు. ఇంజిన్‌లో లోపం వస్తే దిగడానికి ఏ విమానాశ్రయం ఎంత దూరంలో ఉందో ముందే లెక్క కట్టుకోవాలి.

దుబాయ్ నుంచి డల్లాస్‌కు వెళ్లేవి ధ్రువం దాకా పోవు. ఆ రెండింటి మధ్య అతి దగ్గరి గీత ఐస్‌ల్యాండ్‌కు కాస్త ఉత్తరంగా, గ్రీన్‌ల్యాండ్ దక్షిణ భాగం మీదుగా సాగుతుంది. పగటి పూట కిటికీ సీటు దొరికితే, మబ్బులు లేకపోతే, గ్రీన్‌ల్యాండ్ మంచు కొండలు కనిపిస్తాయి. ఆ పది నిమిషాలైనా సినిమా ఆపి బయటికి చూడండి.

వెళ్లేటప్పుడు ఎక్కువ సమయం, వచ్చేటప్పుడు తక్కువ సమయం ఎందుకు? భూమి తిరగడం వల్లేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. కానీ భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ దానితోనే కదులుతుంది. అసలు కారణం జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ప్రవాహం ఇది. గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని తరచూ దాటుతుంది, చలికాలంలో ఇంకా ఉధృతంగా ఉంటుంది. విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే, ఎదురుగాలి ఆ వేగాన్ని తగ్గిస్తుంది, వెనుక నుంచి వీచే గాలి పెంచుతుంది.

దుబాయ్ నుంచి డల్లాస్‌కు 16 గంటలు దాటే ప్రయాణం తిరుగు దారిలో 14 గంటలన్నర, 15 గంటలకు వచ్చేస్తుంది. లండన్–డల్లాస్ దారిలో కూడా గంట దాకా తేడా ఉంటుంది. రోజుకో గాలి కాబట్టి రోజుకో దారి ఎంచుకుంటారు. సీటు ముందు తెరలో కనిపించే దారి మీ స్నేహితుడు చెప్పిన దారిలా లేకపోవడానికి కారణం ఇదే.

దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్: వీటిలో ఏది దగ్గరి దారి?

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ రెండూ దాదాపు 15,400 కిలోమీటర్లు. దుబాయ్ దాదాపు 15,500. దోహా సుమారు 15,700. అన్నిటికంటే దగ్గరిదానికీ దూరానికీ మధ్య తేడా 300 కిలోమీటర్లు, అంటే ఇరవై నిమిషాల ప్రయాణం. ఊహల్లోని నేరు విమానంతో పోల్చినా ఇవి ఏడెనిమిది శాతమే ఎక్కువ. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడవలసినవి మూడు: మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఆ విమానాశ్రయంలో ఎంత నడవాలి, పొడవైన అంచె ఎన్ని గంటలు.

ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి 4, 16 గంటల ప్రయాణం కంటే 10, 10 గంటల ప్రయాణం సుఖం. మధ్యలో లేచి నడిచి, ముఖం కడుక్కుని, వేడిగా ఏదైనా తాగి మళ్లీ ఎక్కవచ్చు. అదే ఒకసారి కూర్చుంటే చక్కగా నిద్రపోయే మనిషికైతే పొడవైన అంచె వరం. మీ నాన్నగారు ఏ రకమో మీకే తెలుస్తుంది.

యూరప్ దారిలో ట్రాన్సిట్ వీసా నియమాలు ముందే చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్నవారికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ముగిసిపోయి ఇండియాకు బయలుదేరే ఉద్యోగులు మాత్రం టికెట్ కొనే ముందే విమానయాన సంస్థను అడిగి తేల్చుకోవాలి.

రెండు ఊళ్ల మధ్య సమయం తేడా ఎంత?

చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు. హైదరాబాదే ముందు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు కాబట్టి తేడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది.

శనివారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి, 23 గంటలు ప్రయాణం చేశారనుకుందాం. హైదరాబాద్‌లో అప్పుడు ఆదివారం తెల్లవారుజాము 3. అందులోంచి 11:30 తీసేస్తే డల్లాస్‌లో శనివారం మధ్యాహ్నం 3:30. బయలుదేరిన రోజే దిగారు. వచ్చేటప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి 7కు ఎక్కి 22 గంటల్లో చేరితే, హైదరాబాద్‌లో దిగేది సోమవారం తెల్లవారుజామున 4:30కి. ఆదివారం దాదాపుగా ఆకాశంలోనే గడిచిపోతుంది. సోమవారం ఉదయం ఆఫీసులో ఉండాలంటే శనివారం రాత్రి విమానం పనికిరాదు.

టికెట్ మీద 12వ తేదీ 2:30 అని ఉంది. ఏ రోజు ఇంటి నుంచి బయలుదేరాలి?

దయచేసి ఈ జవాబును రెండుసార్లు చదవండి. 12వ తేదీ 02:30 అంటే 11వ తేదీ రాత్రి గడిచాక వచ్చే రెండున్నర. 11వ తేదీ రాత్రి పది, పదకొండు గంటలకల్లా విమానాశ్రయంలో ఉండాలి. 12వ తేదీ రాత్రి అనుకుంటే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. హైదరాబాద్ నుంచి పశ్చిమానికి వెళ్లే విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము లోపే బయలుదేరుతాయి కాబట్టి ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. మంచి రోజు చూసుకుని బయలుదేరేవారు కూడా ఇంటి గడప దాటేది ముందు రోజు రాత్రి అని గుర్తుపెట్టుకుని తిథి, వర్జ్యం చూసుకోవాలి. పెద్దవాళ్లకు ఫోనులో తేదీ చెప్పేటప్పుడు "మంగళవారం రాత్రి భోజనం చేశాక బయలుదేరండి" అని వారంతో, వేళతో చెప్పండి.

యుద్ధాలు, గగనతల ఆంక్షల వల్ల ప్రయాణ సమయం పెరుగుతుందా?

పెరుగుతుంది. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, కెనడా విమానాలకు రష్యా గగనతలం మూతపడింది. 2025 ఏప్రిల్ నుంచి భారత విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూతపడటంతో ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలకు గంటల కొద్దీ సమయం పెరిగింది, కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగవలసి వచ్చింది. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య పోరు సాగినప్పుడు గల్ఫ్ మీదుగా వెళ్లే మనవాళ్లకు నేరుగా దెబ్బ తగిలింది. జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది.

ఇలాంటి రోజుల్లో మిమ్మల్ని కాపాడేది ఒకే టికెట్. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మరో విమానంలో చేర్చే బాధ్యత విమానయాన సంస్థది. రెండు ముక్కలుగా వేర్వేరు టికెట్లు కొంటే పది, పదిహేను వేలు మిగలవచ్చు గానీ, మధ్యలో చిక్కుకుంటే కొత్త టికెట్ మీ జేబులోంచే. అమ్మానాన్నలకు మాత్రం ఆ పని ఎప్పుడూ చేయవద్దు.

మధ్యలో ఎంతసేపు ఆగేలా చూసుకోవాలి?

యువకులకు రెండు గంటలు సరిపోవచ్చు. పెద్దవాళ్లకు మూడు నుంచి నాలుగు గంటలు ఉండాలి. అమెరికా వెళ్లే విమానాలకు గేటు దగ్గర మరోసారి తనిఖీ, ప్రశ్నలు ఉండవచ్చు, గేటు కూడా ముందే మూస్తారు. గంటంబావు వ్యవధి ఉన్న టికెట్ చవకగా కనిపించినా వదిలేయండి. ఎనిమిది గంటలు దాటితే అలసట మొదలవుతుంది.

చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పండి, కనీసం 48 గంటల ముందైనా నమోదు చేయించండి. నడవగలిగినా అడగవచ్చు, అది నామోషీ కాదు. తోడుగా వచ్చే మనిషి సరైన గేటు దాకా తీసుకెళ్లి కూర్చోబెడతాడు, భాష రానివారికి అదే పెద్ద అండ. ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో పేరు, విమానం నంబర్లు, వేసుకునే మందులు, శాకాహారమైతే ఆ మాట, డల్లాస్‌లోని మీ ఫోను నంబరు రాసి చేతి సంచిలో పెట్టండి. మందులన్నీ ఆ సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ వేసుకునేవారు ఏ దేశపు గడియారం ప్రకారం వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరు గారిని అడిగి రాయించుకోవాలి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకోసారి లేచి నడవడం, నీళ్లు తాగడం ఎవరికైనా అవసరమే.

విజయవాడ, విశాఖ నుంచి వెళ్లేవారు ఎలా లెక్క వేసుకోవాలి?

విజయవాడ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద ఐదు గంటలు పెట్టుకోండి, పండుగ రోజుల్లో ఇంకా ఎక్కువ. సంక్రాంతి ముందూ వెనుకా జాతీయ రహదారి మీద టోల్ గేట్ల దగ్గర వరుసలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. విశాఖ నుంచి హైదరాబాద్ లేదా ఢిల్లీ మీదుగా విమానంలో వెళితే, ఆ దేశీయ అంచె కూడా అదే పీఎన్‌ఆర్‌లో ఉండేలా కొనడం మేలు.

డల్లాస్‌లో దిగాక బయటికి రావడానికి ఎంతసేపు? వేరే ఊళ్లో మారితే?

దుబాయ్, దోహా, యూరప్ నుంచి నేరుగా డల్లాస్‌లో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే. గంట నుంచి రెండు గంటలు అనుకోండి. తీసుకెళ్లడానికి వచ్చేవారు విమానం దిగిన నిమిషం నుంచి కంగారు పడనక్కరలేదు.

న్యూయార్క్, షికాగో వంటి చోట మారి డల్లాస్ వస్తే, అమెరికాలో మొదట అడుగుపెట్టిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. సామాను కూడా అక్కడ తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. రెండు పెద్ద పెట్టెలతో ఉన్న ఒంటరి అమ్మమ్మకు ఇది కష్టం. అలాంటి టికెట్ తప్పనిసరైతే అక్కడ కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచండి. అబుధాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా ఇమిగ్రేషన్ అబుధాబిలోనే పూర్తవుతుంది. 2014 నుంచి అక్కడ ఆ సదుపాయం ఉంది. వాళ్లు అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లాగే దిగి, తర్వాతి విమానం గేటుకు వెళ్లవచ్చు.